ఛత్రీవాడు కూసున్నడు

మామ పోయిన కబురు నేను క్లాసులో ఉండగా వచ్చింది. దేవదుర్గ దగ్గరి జాలహళ్ళిలో పిల్లలకు లెక్కలు చెబుతాను. పొద్దుటి మొదటి పీరియడు, బోర్డు మీద లెక్క సగంలో ఉంది. రాయచూరు నుంచి అత్త ఫోను. బడి వేళ అత్త ఎప్పుడూ ఫోన్ చెయ్యదు. సుద్దముక్క చేతిలోనే పట్టుకుని వరండాలోకి వచ్చాను.

"మీ మామ పోయిండు బిడ్డా" అంది. ఏడవడం లేదు. "అన్నం వారుద్దామని వంటింట్లకు పోయిన. వచ్చి చూస్తే టీవీల ఛత్రీవాడు కూసున్నడు. గప్పుడే తెలిసింది నాకు."

ఈ మాట మా ఇంటివాళ్ళకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. ఛత్రీవాడంటే మనిషి కాదు. పాత టీవీ గేములో గొడుగు పట్టుకుని గోడలు దూకే చిన్న బొమ్మ. ఆడేవాళ్ళు కాసేపు బటన్లు ముట్టకపోతే వాడు గొడుగు మడిచి, కాళ్ళు చాపి, మన వైపు తిరిగి కూర్చుంటాడు. మామ చేతిలో ఆట నడుస్తుండగా వాడు కూర్చోవడం మేం చూడలేదు. కూర్చున్నాడంటే మామ చేతులు ఆగిపోయాయన్న మాట. అత్త మామ మొహం కంటే ముందు వాణ్ణి చూసింది.

దేవదుర్గ మీదుగా బస్సు పట్టుకుని ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. హాల్లో మామను పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టారు. చుట్టూ బంధువులు. ఒక పెద్దాయన "మంచి చావు. ఆడుకుంట ఆడుకుంట పోయిండు, పుణ్యాత్ముడు" అన్నాడు. నలుగురూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. చావింట్లో నోటికొచ్చిన ఓదార్పు ఒకటి పారేసి, టీ తాగి చెప్పులు వెతుక్కునే వాళ్ళంటే నాకు మొదట్నుంచీ పడదు. మామ ఆడుకుంటూ పోలేదు. గెలవాలనుకున్నది గెలవకుండా, గొంతు తడారి పోయాడు. దాన్ని అందంగా మార్చి చెప్పుకోవడం నాకు చేతకాదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మామ మా అమ్మకు తమ్ముడు. రాయచూరు బజారులో బట్టల కొట్టు ఉన్న ఇంట్లో పుట్టి, కొలత బద్ద చేత పట్టకుండా శక్తినగర్‌లో బొగ్గు కాల్చి కరెంటు తయారుచేసే చోట ఉద్యోగానికి పోయాడు. "నీడపట్టున గద్దె ఉండంగ పొయ్యికాడ కూసుంటనంటడు, ఏం పుట్టుక పుట్టిండో" అని మా తాత తిట్టేవాడట. మామ కూర్చున్నది పొయ్యి దగ్గర కాదు, కంట్రోల్ రూములో, ముళ్ళు కదిలే మీటర్ల గోడ ముందు. కానీ తాతకు ఆ తేడా ఎవరూ చెప్పలేకపోయారు.

నా ఎండాకాలం సెలవులన్నీ శక్తినగర్ క్వార్టర్స్‌లోనే గడిచాయి. రాయచూరు ఎండలో గోడకు ఆనుకుంటే వీపు కాలేది, పైగా కరెంటు ఉండేది కాదు. మామ ఇంట్లో ఫ్యాను పొద్దస్తమానం తిరిగేది. "శక్తినగర్ల కరెంటు పోదు" అని మామ చెప్పేవాడు, తనే రోజూ డబ్బాలో కట్టి తెస్తున్నట్టు. ఎప్పుడైనా అక్కడ కూడా పోయేది. పోయినా ఒప్పుకునేవాడు కాదు.

"మామా, కరెంటు పోయింది" అంటే, "పోలే. వస్తున్నది" అనేవాడు.

వాళ్ళకు పిల్లలు లేరు. టీవీ గేము నా కోసమని కొన్నాడు. నా కోసమని కొన్నాడే గాని నా చేతికి వచ్చింది తక్కువ. డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, బనీను మీద టీవీ ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను నేల మీద. క్యాసెట్టు మీద ఏదో తెలియని లిపిలో పేరుండేది. రాయచూరు పిల్లలంతా దాన్ని ఛత్రీవాలా అనేవాళ్ళు, మేం ఛత్రీవాడన్నాం. గొడుగు తెరిచి గాలిలో తేలుతూ ఇంటికప్పుల మీంచి, వాగుల మీంచి దూకి, చివరికి ఒక కోట ఎక్కాలి. అదే ఒక భాగం, ఒక్కో భాగానికి ఒక్కో క్యాసెట్టు. అలాంటి భాగాలు మొత్తం అయిదున్నాయని, ఆ రోజుల్లో మా దగ్గర రెండే ఉన్నాయని తర్వాత తెలిసింది.

నేను ప్రతి గుంతలోనూ పడేదాన్ని. "వాణ్ణి చూడకే కోడలుపిల్లా, వాని ముందట చూడు" అనేవాడు. తనేమో బొమ్మను చూడనే చూడడు. వీపు నిటారుగా పెట్టి, తెర మొత్తాన్ని ఒకేసారి చూస్తూ, ఏ మూల ఏం కదులుతుందోనని కాచుకుని ఉండేవాడు. కంట్రోల్ రూములో గోడ ముందు కూడా అలాగే కూర్చుంటాడని అత్త చెప్పింది. ఆమెను ఒకసారి పండగకు లోపలికి తీసుకుపోయి చూపించారట. "ఆడ గూడ గిదే మొఖం. పెండ్లినాడు గూడ గిదే మొఖం" అని నవ్వింది.

నేను ఆట మధ్యలో మంచినీళ్ళకు లేవబోతే మామ ఊరుకునేవాడు కాదు. "ఇంకోడు వచ్చి కూసున్నంకనే లేవాలె. కుర్చీ ఖాళీ ఉండొద్దు" అనేవాడు. అది వాళ్ళ డ్యూటీ పద్ధతి. తర్వాతి షిఫ్టువాడు వచ్చి, ఏ యంత్రం ఎట్లా ఉందో విని, కుర్చీలో కూర్చున్నాకే ముందున్నవాడు లేస్తాడు. దాన్ని చార్జి అప్పజెప్పడం అంటారు. వచ్చేవాడు ఆలస్యమైతే మామ అన్నం వేళ దాటిపోయినా అక్కడే ఉండేవాడు. విసుక్కోవడం నేను చూడలేదు.

రిటైరయ్యాక క్వార్టర్స్ ఖాళీ చేసి రాయచూరులో పాత ఇంటికి వచ్చారు. కింద కొట్టు అద్దెకిచ్చారు, పైన వీళ్ళు. ఏడాది తిరగక ముందే మూత్రపిండాలు చెడ్డాయని తేలింది. వారం వారం ఆసుపత్రికి పోయి, యంత్రం పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకురావాలి. మామ ఏదీ చప్పుడు చేసి చెప్పే మనిషి కాదు. "జీవితమంతా నేను యంత్రాన్ని నడిపిన. ఇగ యంత్రం నన్ను నడుపుతది" అన్నాడు, అంతే.

సూది పొడిపించుకోవడం కాదు, నీళ్ళు తాగలేకపోవడమే ఆయన్ను చంపుకుతింది. డాక్టరు నీళ్ళకు లెక్క కట్టాడు. రోజంతటికీ అత్త దగ్గరున్న చిన్న స్టీలు గ్లాసుతో కొద్దిసార్లు. రాయచూరు ఎండలో, తాగొద్దన్నకొద్దీ నాలుక పిడచగట్టుకుపోయే ఆ ఇంట్లో. ఒకసారి నేను వెళ్ళినప్పుడు మామ వంటింటి గుమ్మంలో నిలబడి, అత్త బియ్యం కడుగుతుంటే ఆ నీళ్ళ చప్పుడు వింటున్నాడు. నన్ను చూసి పక్కకు జరిగాడు. నేనూ చూడనట్టే ఉన్నాను. 

అప్పుడే ఆ పందెం మొదలుపెట్టాడు. అయిదు భాగాలూ వరసగా, మొదటి నుంచి చివరి దాకా, తన చేత్తో పూర్తి చెయ్యాలి. ఫోనులో చూసి దారి తెలుసుకోకూడదు. "చూసి ఆడితే ఆట గాదు, కాపీ కొట్టుడు" అన్నాడు. లెక్కల టీచరునైన నేను దీనికి అడ్డం చెప్పలేను గదా. లేని క్యాసెట్లు వెతికి పెట్టడం నా పనైంది. తీన్ కందిల్ చౌరస్తా దగ్గర రిపేరు షాపులో రెండు దొరికాయి. అయిదోది హుబ్బళ్ళిలో పాత సామాన్ల దుకాణంలో దుమ్ములో పడి ఉంది.

ఈ వయసులో, ఈ ఒంటితో ఎందుకు మామా అని అడిగాను.

"ఇన్నేండ్లు డ్యూటీ చేసిన గదనే" అన్నాడు. "ఏ ఒక్క పనన్న నా చేతుల ముగిసిందా? సగంల పోయి కూసుందుము, సగంల లేచి వద్దుము. యంత్రం ఆగదు. నేను షురూ జేసి నేను ఖతం జేసిన పని ఒక్కటి లేదు. గిదొక్కటన్న నా చేత్తోని అయిపోవాలె."

ఆ మాట అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. అందుకే అది సరదా మాట కాదని తెలిసింది.

నీళ్ళను ఆటలో కలిపింది కూడా మామే. తన వంతు నీళ్ళు గ్లాసులో పోయించుకుని టీవీ పక్కన స్టూలు మీద పెట్టించుకునేవాడు. ఒక స్టేజి దాటితే ఒక గుక్క. దాటకపోతే లేదు. డాక్టరు ఇచ్చిన నీళ్ళకు కూడా గేటు పెట్టుకున్నాడు. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటరు. ఈయనకు ఈయనే పూజారి" అని అత్త గొణిగేది. కొన్ని రోజులు ఒక్క స్టేజీ దాటేవాడు కాదు. పెదవులు పగిలి, గ్లాసు వైపు చూడకుండా ఆడుతూ కూర్చునేవాడు. సాయంత్రానికి అత్త ఉండబట్టలేక "సాకు, ఇన్ను బేడ", చాలు ఇంక వద్దని కన్నడంలోకి దిగి, ఆట రిమోటు గుంజుకుని, గ్లాసు చేతిలో పెట్టేది. విసుగు ముదిరితే అత్తకు కన్నడమే వస్తుంది.

ఆ పాత ఆటలో ఆడినంతవరకు దాచుకోవడమనేది లేదు. గేము పెట్టె ఆపితే ఎంత దూరం వచ్చినా మళ్ళీ ఆ భాగం మొదటికే. ఆసుపత్రికి పోయే రోజుల్లో కూడా ఆటను నిలిపి, పెట్టెను అలాగే ఉంచి పోయేవాడు. అడాప్టరు వేడెక్కుతుందని టేబుల్ ఫ్యానును దాని వైపు తిప్పాడు. తన ఒంటికి చెమటలు. ఇదేం విడ్డూరమని నేనంటే, "నాకు గాలి లేకున్న నడుస్తది" అన్నాడు.

అసలు తిప్పలు కరెంటుతో. ఇది శక్తినగర్ కాదు. గాలి లేచినా, చినుకు పడినా పోతుంది. ఇన్వర్టర్ పెట్టించుకుందామని అత్త అంది, నేనన్నాను, కింద కొట్టువాళ్ళు కూడా అన్నారు. మామ వినలేదు. ఇది బయటివాళ్ళకు మొండితనంగా కనిపిస్తుంది. కానీ ఆయనతో పనిచేసి రిటైరైన స్నేహితులు కొందరు ఇప్పటికీ అంతే, ఇంట్లో బ్యాటరీ పెట్టనివ్వరు. వంటవాడు పక్కింటికి భోజనానికి పోయినట్టు ఉంటుంది వాళ్ళకు.

"జిల్లాకంత కరెంటు చేసి పంపినోణ్ణి. నా ఇంట్ల బ్యాటరీ పెట్టాల్నా?" అన్నాడు మామ.

"నీ కరెంటుకు నీ మీద అంత ప్రేమ ఉంటే పోకుండ ఉండమను మరి" అంది అత్త.

"పోదు. వస్తది."

మొదటి భాగం అయిపోయినప్పుడు నాకు ఫోన్ చేసి ఆటలో వచ్చే పాట వినిపించాడు. మూడో భాగం మధ్యలో కరెంటు పోయి, పోయి, చివరికి ఒక ముసురు లేని వారంలో అయింది. ఆ రోజు గ్లాసు ఎత్తి తాగుతూ ఏడ్చాడని అత్త చెప్పింది. నాలుగో భాగం వచ్చేసరికి చెయ్యి సహకరించడం మానేసింది. క్యాసెట్టు పెట్టే ముందు దుమ్ము పోవడానికి నోటితో ఊదాలి. మామకు ఊపిరి చాలక అత్త ఊదేది. ఆమెకు ఆట ఏమీ తెలియదు. "ఇంకెన్ని కోటలున్నయి?" అని మాత్రం అడిగేది, మందుల షాపులో ఇంకెన్ని రోజులు వాడాలని అడిగినట్టు.

అయిదో భాగం చివరి కోట దగ్గర నేనున్నాను. ఆదివారం. ఎండాకాలం చివర, మబ్బు కమ్మి గాలి బరువుగా ఉంది. మామ పొద్దుటి నుంచీ ఆడుతున్నాడు, పొద్దుటి నుంచీ నీళ్ళు ముట్టలేదు. స్టేజీలు దాటుతున్నాడు, గ్లాసు వైపు చెయ్యి చాపడం లేదు. "అన్నీ ఒక్కసారే తాగుత" అన్నాడు, గొంతు గరగరమంది. చివరి కోటలో మెట్లుండవు. గాలి ఎత్తినప్పుడల్లా గొడుగు తెరిచి పైకి పోవాలి. ఛత్రీవాడు సగం ఎక్కాడు, ముప్పాతిక ఎక్కాడు. పైన ఒక తలుపు కనిపించింది. అత్త కూడా వచ్చి కుర్చీ వెనక నిలబడింది. మామ మొహంలో నేను చిన్నప్పుడు చూసిన మామ కనిపించాడు.

కరెంటు పోయింది.

కిటికీ తలుపులు కొట్టుకోవడం అప్పుడు వినిపించింది. వీధిలో ఎవరో పిల్లల్ని లోపలికి రమ్మని అరుస్తున్నారు. మామ రిమోటు పట్టుకుని నల్లటి టీవీ ముందు అలాగే కూర్చున్నాడు. చేతికొచ్చిన కూడు నోటికి రాలేదంటారు, నేను అది కళ్ళారా చూశాను.   పోలే మామా, వస్తున్నది, అని నోటి దాకా వచ్చింది. రాలేదు.

"ట్రిప్పయింది" అన్నాడు. అది వాళ్ళ యంత్రాల మాట. నడుస్తున్నది ఉన్నట్టుండి ఆగిపోతే అంటారు. "ట్రిప్పయితే లేపుతం మళ్ళ. లేపనీకి మనిషి కావాలె."

అత్త గ్లాసు తీసుకుని నోటి దగ్గర పెట్టింది.

"వద్దు" అన్నాడు. "గెలవలే గద."

"గెలుపు మట్టిల గలవ! తాగు" అని అత్త అరిచింది. ఆమె అరవడం నేనెప్పుడూ వినలేదు. మామ పెదవులు తడిపేటంత తాగాడు, ఆమె కోసం. మిగిలింది అలాగే ఉంది.

మరుసటి రోజు నేను జాలహళ్ళి వచ్చేశాను. ఆ వారమంతా మామ ఆట జోలికి పోలేదట. చివరి పొద్దున మాత్రం తానే లేచి కుర్చీలో కూర్చున్నాడు. అయిదో క్యాసెట్టు అత్తకు ఇచ్చాడు. ఆమె ఊది పెట్టింది. గ్లాసు నింపి స్టూలు మీద ఉంచింది. మొదటి స్టేజి మొదలైంది. "మల్ల మొదటికెల్లి" అన్నాడట. ఆమె వంటింట్లోకి పోయింది. అన్నం ఉడుకుతుండగా ఆట చప్పుడు వినబడుతూనే ఉంది, ఆ పాట ఆగదు గనుక. గంజి వార్చి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వస్తే, ఛత్రీవాడు గొడుగు మడిచి కూర్చుని ఆమెనే చూస్తున్నాడు. మామ తల పక్కకు వాలి ఉంది. గ్లాసులో నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

మంచి చావట.

మా ఇళ్ళల్లో మనిషి పోయిన చోట కర్మ అయ్యేదాకా దీపం ఆరనివ్వరు, పక్కన గ్లాసుతో నీళ్ళు పెట్టి రోజూ మారుస్తారు. అత్త ఆ చిన్న గ్లాసు పెట్టలేదు. ఇంట్లో ఉన్న గ్లాసుల్లో పెద్దది తీసి, అంచు దాకా పోసింది. పోస్తూ, "తాగు, ఇప్పుడెవ్వరూ ఏమనరు" అంది. అక్కడున్న వాళ్ళలో ఒకరిద్దరు ఏడ్చారు. నాకు ఏడుపు కూడా రాలేదు. 

కర్మకు చుట్టాలొస్తారు, ఎండ, ఫ్యాన్లు లేకపోతే ఎట్లా అని మా పెద్దమామ ఇన్వర్టర్ తెచ్చి మెట్ల కింద పెట్టించాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయన తమ్ముడి కర్మకు వచ్చినవాళ్ళు చెమట పట్టకుండా భోజనాలు చేసి పోయారు.

అందరూ వెళ్ళాక నేనూ అత్తా మిగిలాం. ఆమె హాలు ఊడ్చి, కుర్చీని మళ్ళీ టీవీ ముందుకు జరిపింది.

"కూసో" అంది.

"నాకు రాదత్తా. నేను గుంతలనే పడ్త."

"రాకున్న కూసో. కుర్చీ ఖాళీ ఉండొద్దంటుండె."

కూర్చున్నాను. మామ నాకు చార్జి అప్పజెప్పలేదు. ఆ చివరి తలుపు వెనక ఏముందో ఆయన చూడలేదు, నేనూ చూడను. ఫోనులో వెతికితే నిమిషంలో తెలుస్తుంది. నేను వెతకను. అత్త క్యాసెట్టు ఊది పెట్టింది. మొదటి వాగులోనే పడ్డాను. మళ్ళీ పడ్డాను. వాణ్ణి చూడకు, వాని ముందట చూడు అని ఎంత అనుకున్నా నాకు వాడే కనిపిస్తున్నాడు.

ఇంతలో కింద వీధిలో చప్పుళ్ళన్నీ ఒక్కసారి ఆగాయి. కరెంటు పోయింది. మేమిద్దరం తలెత్తి పైకి చూశాం. ఫ్యాను తిరుగుతూనే ఉంది. టీవీ రెప్ప కూడా వెయ్యలేదు. ఆట పాట అలాగే నడుస్తోంది.

 నేను రిమోటు ఒళ్ళో పెట్టుకున్నాను. కాసేపటికి ఛత్రీవాడు అటూ ఇటూ చూసి, గొడుగు మడిచి, కాళ్ళు చాపి, మా వైపు తిరిగి కూర్చున్నాడు. అత్త లేచి వంటింట్లోకి పోయి, పెద్ద గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి వాడి ముందు పెట్టింది.